ఆరోగ్య సందేహాలు: తిరగబెట్టిన క్యాన్సర్‌కు ఏ స్కాన్, ఎప్పుడు, ఎందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నయమైందనుకున్న క్యాన్సర్ మళ్ళీ తిరగబెట్టిందేమోనన్న అనుమానం రాగానే డాక్టరుగారు స్కాన్ రాస్తారు. అది ఎందుకో, దాన్ని చూసి ఏం నిర్ణయిస్తారో విడమరచి చెప్పే తీరిక రద్దీగా ఉండే ఓ.పి.లో ఎవరికీ ఉండదు. స్కాన్ చిత్రాలు చదవడమే నా వృత్తి కావడంతో సంపాదకులు ఆ ఉత్తరాలను నాకు పంపారు. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. అందరికీ కలిపి ముందుగా ఒక మాట చెప్పాలి. స్కాన్ జబ్బును తగ్గించదు. దాని ఫలితం ఒకలా వస్తే ఒక వైద్యం, మరోలా వస్తే మరో వైద్యం చేయవలసి ఉన్నప్పుడే దానికి పెట్టిన డబ్బుకు, పడిన ప్రయాసకు అర్థం ఉంటుంది. అందుచేత చీటీ చేతికి రాగానే "ఈ స్కాన్ చూశాక మీరు చేసే వైద్యంలో ఏం మారుతుందండీ?" అని అడగడానికి మొహమాటపడకండి. ఆ ప్రశ్నకు మంచి వైద్యుడెవరూ నొచ్చుకోడు.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్ళు. మాది కళింగపట్నం దగ్గర తీరప్రాంతపు ఊరు. చిన్నప్పటి నుంచి ఆమెకు అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటు. అంగిలిలో క్యాన్సర్ వస్తే 20 నెలల కిందట ఆపరేషన్ చేసి, తరువాత 30 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. అంగిలికి ప్లేటు అమర్చారు. ఇప్పుడు కుడి కంటి కింద బుగ్గ మొద్దుబారినట్లు ఉందంటోంది, అప్పుడప్పుడు సలుపుతోంది. డాక్టరుగారు ఎం.ఆర్.ఐ., పెట్ సీటీ రెండూ రాశారు. రెండూ అవసరమా? ఒక ముక్క తీసి పరీక్ష చేస్తే తేలిపోదా? (ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మీరు మామూలు విషయంలా రాశారు. అది కంటి కింద బుగ్గ మొద్దుబారడం. అంగిలికి స్పర్శనిచ్చే నరమూ, కంటి కింద బుగ్గకు స్పర్శనిచ్చే నరమూ ఒకే పెద్ద నరానికి కొమ్మలు. ఆ పెద్ద నరం దవడ ఎముక వెనుక ఉన్న చిన్న గుంటలోంచి, పుర్రె అడుగునున్న ఒక గుండ్రని రంధ్రం గుండా మెదడు వైపు వెళుతుంది. అంగిలిలో పుట్టిన కొన్ని క్యాన్సర్లు పైకి పుండుగా కనిపించకుండా ఈ నరాన్ని పట్టుకుని లోలోపలే పాకుతాయి. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే అంగిలి శుభ్రంగానే ఉంటుంది, లోపల మాత్రం జబ్బు నరం వెంట నడుస్తూ ఉంటుంది. కరెంటు ప్రభావం వల్లా ఇలా మొద్దుబారవచ్చు కాబట్టి ఇది క్యాన్సరేనని నేను అనడం లేదు. అయితే తేల్చుకోకుండా వదలకూడని లక్షణం ఇది.

ఎం.ఆర్.ఐ. రాసింది ఆ నరం కోసం. ఆరోగ్యంగా ఉన్న నరం చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది. ఎం.ఆర్.ఐ.లో అది తెల్లని అంచులా కనిపిస్తుంది. క్యాన్సర్ పాకినచోట ఆ తెల్లదనం చెరిగిపోయి నరం లావెక్కి, మందు ఎక్కించాక తీసిన చిత్రంలో మెరుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఈ మార్పును చూపడంలో పెట్ స్కాన్ ఎం.ఆర్.ఐ.కి సాటిరాదు. పైగా మెదడు చక్కెరను విపరీతంగా వాడుకుంటుంది కాబట్టి పెట్ చిత్రంలో అది ఎప్పుడూ నిప్పుల కుంపటిలా వెలుగుతూ ఉంటుంది, దాని పక్కన పుర్రె అడుగున ఉన్న చిన్న మెరుపు ఆ వెలుగులో కలిసిపోతుంది.

మరి పెట్ సీటీ ఎందుకు? అది ఒళ్ళంతా చూడడానికి. ఫ్లోరిన్-18 అనే కిరణధార్మిక పదార్థాన్ని చక్కెరను పోలిన అణువుకు తగిలించి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా ఎక్కువ చక్కెరను లాగేసుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. ఆ ఆకలిమీదే ఈ స్కాన్ ఆధారపడి ఉంది. మెడలో బిళ్ళలకు (లింఫు గ్రంథులకు), ఊపిరితిత్తులకు, ఎముకలకు జబ్బు పాకిందా లేదా అన్నది ఒక్క విడతలో తెలుస్తుంది. మీ అమ్మగారి వైద్యం ఏ దారి పట్టాలన్నది ఇక్కడే తేలుతుంది. జబ్బు అంగిలి దగ్గరే ఆగి ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేసే అవకాశాన్ని పరిశీలిస్తారు. నరం వెంట పుర్రె దాకా వెళ్ళి ఉంటే కత్తితో పూర్తిగా తీయడం కష్టమవుతుంది. అప్పుడు ఎం.ఆర్.ఐ. చూపిన గీత వెంబడే రెండోసారి కరెంటు పెట్టడం సాధ్యమా అని లెక్కలు వేస్తారు. ఊపిరితిత్తుల్లో కూడా కనిపిస్తే ముఖాన్ని కోసే పెద్ద ఆపరేషన్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. మందులతో జబ్బును అదుపు చేయడం, నొప్పి లేకుండా చూడడం ముఖ్యమవుతాయి. అనవసరమైన పెద్ద ఆపరేషన్ తప్పిందంటే అది కూడా స్కాన్ చేసిన మేలే.

ఇక ముక్క పరీక్ష. అది తప్పనిసరే, కానీ ముందు స్కాన్ చేయించుకోవడంలో రెండు లాభాలు ఉన్నాయి. మొదటిది, ముక్క ఎక్కడ నుంచి తీయాలో తెలుస్తుంది. కరెంటు పెట్టిన చోట కండ గట్టిపడి ఉంటుంది. గుడ్డిగా తీస్తే పక్కనున్న మంచి కండే సూదికి తగిలి "క్యాన్సర్ లేదు" అన్న తప్పుడు ధీమా కలగవచ్చు. రెండోది, ముక్క తీశాక ఆ గాయం మానే క్రమంలో అదీ కొంతకాలం పెట్ చిత్రంలో వెలుగుతుంది. దానితో చదివేవారికి గందరగోళం తప్పదు.

ఆ వెలుగుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. రిపోర్టులో ఎస్.యు.వి. అని ఒక అంకె ఉంటుంది. చక్కెర మందు ఆ చోట ఎంత పోగుపడిందో చెప్పే కొలత అది. దాన్ని చాలామంది పిల్లల మార్కుల కాగితంలా చదివి, 4 వస్తే ఊపిరి పీల్చుకుని, 9 వస్తే ఏడుస్తారు. చక్కెరను లాగేది క్యాన్సర్ ఒక్కటే కాదు, చీము, వాపు, మానుతున్న గాయం, కరెంటు దెబ్బకు పాడైన దవడ ఎముక కూడా లాగుతాయి. మన దేశంలో అన్నిటికన్నా మోసం చేసేది క్షయ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వైద్యం పూర్తయిన ఒకాయనకు మెడ దగ్గర బిళ్ళ మండిపోతున్నట్లు కనిపించిన చిత్రం నా ముందుకు ఒకసారి వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆశ వదిలేసుకున్నారు. సూదితో తీసిన నమూనాలో బయటపడింది క్షయ. ఆరు నెలలు టీబీ మందులు వాడితే బిళ్ళ కరిగిపోయింది. అందుకే మెరిసినదల్లా క్యాన్సర్ అని కీమో మొదలుపెట్టకూడదు. వీలైన చోటల్లా ముక్క తీసి రుజువు చేసుకోవాలి.

కరెంటు అయిపోయిన వెంటనే పెట్ చేయించకూడదన్నది కూడా ఇందుకే. ఆ వాపు చల్లారడానికి కనీసం 12 వారాలు పడుతుంది. ఈ ఓపికకు మంచి సాక్ష్యం బ్రిటన్‌లో దొరికింది. గొంతు, మెడ క్యాన్సర్‌కు కీమో, కరెంటు కలిపి ఇచ్చిన 564 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మెడలోని బిళ్ళలను ఆపరేషన్ చేసి తీసేలా నిర్ణయించారు, మరో జట్టుకు 12 వారాల తరువాత పెట్ సీటీ చేసి అనుమానం ఉన్నవారికే ఆపరేషన్ చేశారు. మొదటి జట్టులో 221 ఆపరేషన్లు జరిగితే రెండో జట్టులో 54 మాత్రమే జరిగాయి. బతికినవారి నిష్పత్తిలో మాత్రం రెండో జట్టు ఏమీ వెనుకబడలేదు. 2016లో వెలువడిన ఈ ఫలితాలు మీ అమ్మగారి పరిస్థితికి నేరుగా వర్తించవు, కానీ సరైన సమయంలో తీసిన చిత్రం ఎంత కోతను తప్పించగలదో చెబుతాయి. మీ అమ్మగారి కరెంటు ముగిసి ఏడాది దాటింది కాబట్టి ఆ అడ్డంకి లేదు.

స్కాన్ రోజున అంగిలి ప్లేటు పెట్టుకోవడానికి డబ్బా ఒకటి తీసుకెళ్ళండి. ప్లేటుకు లోహపు కొక్కేలు ఉంటే సరిగ్గా చూడవలసిన చోటే చిత్రం చెదిరిపోతుంది. సూది వేశాక గంటసేపు ఆమెను మాట్లాడించకండి. ఏమైనా నములుతున్నా, కబుర్లు చెబుతున్నా దవడ కండరాలు, గొంతు కండరాలు చక్కెరను లాగి అనవసరంగా వెలుగుతాయి. మరొక్క మాట. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఈ అలవాటుకూ అంగిలి మీది మచ్చలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు 1971లో ప్రచురించినప్పుడు, దానికోసం పరిశీలించిన 10,169 మంది గ్రామీణులు మన ఆంధ్ర పల్లెలవారే. అర్ధ శతాబ్దం దాటినా మన తీరంలో ఆ చుట్ట ఆరిపోలేదు. మీ అమ్మగారు మానేశారో లేదో మీరు రాయలేదు. ఆపరేషన్ తరువాత కూడా చాటుగా కాల్చే తల్లులను నేను చూశాను, కోప్పడకుండా అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఇంకెవరికైనా ఆ అలవాటు ఉంటే వారి అంగిలిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, వయసు 68. మూడేళ్ళ కిందట క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్ గ్రంథిని తీసేశారు. పి.ఎస్.ఎ. (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్) ఆపరేషన్ తరువాత దాదాపు సున్నా అయింది. గత ఏడాదిగా 0.1, 0.22, 0.34 అని పెరుగుతోంది. ఒక వైద్యుడు వెంటనే రేడియేషన్ అంటున్నారు. మరొకరు ముందు పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ చేయించమంటున్నారు. నాకు ఒంట్లో ఏ బాధా లేదు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: మాష్టారూ, ఇద్దరి మాటా సబబే. మీరు చేయకూడని పని ఒకటే, "బాధ లేదు కదా, ఇంకా పెరిగాక చూద్దాం" అని కూర్చోవడం.

గ్రంథిని పూర్తిగా తీసేశాక పి.ఎస్.ఎ. తయారుకావడానికి ఒంట్లో చోటు ఉండకూడదు. అందుకే అది 0.2 దాటి, రెండోసారి చేసినా అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టినట్లు లెక్క. ఆపరేషన్ చేయకుండా రేడియేషన్‌తోనే నయం చేసినవారిలో గ్రంథి లోపలే ఉంటుంది కనుక వారికి లెక్క వేరు. అత్యల్ప స్థాయికి దిగిన అంకె మీద 2 పెరిగినప్పుడు అనుమానిస్తారు. మీ స్నేహితులెవరైనా తమ అంకెలతో మీ అంకెలు పోల్చి భయపెట్టినా, ధైర్యం చెప్పినా పట్టించుకోకండి.

జబ్బు ఉందని రక్తం చెబుతోంది, ఎక్కడుందో చెప్పడం లేదు. గ్రంథిని తీసిన చోటే మిగిలి ఉండవచ్చు, కటిలోని బిళ్ళల్లో ఉండవచ్చు, ఎముకలో ఉండవచ్చు. పాత పద్ధతిలో సీటీ, ఎముకల స్కాన్ చేసేవారు. పి.ఎస్.ఎ. ఇంత తక్కువగా ఉన్నప్పుడు వాటిలో దాదాపు ఏమీ కనిపించదు. కాబట్టి రేడియేషన్ వైద్యులు అనుభవాన్ని బట్టి గ్రంథి ఉన్న చోటికి కిరణాలు ఇచ్చేవారు. జబ్బు అక్కడే ఉంటే నయమయ్యేది, లేకుంటే చీకట్లో బాణం వేసినట్లయ్యేది. పి.ఎస్.ఎం.ఎ. అన్నది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద దట్టంగా ఉండే ఒక ప్రోటీన్. దాన్ని వెతికి అంటుకునే అణువుకు గాలియం-68నో, ఫ్లోరిన్-18నో తగిలించి ఎక్కిస్తారు. మొదటిసారి జబ్బు బయటపడిన, ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉన్న సుమారు 300 మంది మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో పాత స్కాన్ల కచ్చితత్వం 65 శాతం ఉంటే, పి.ఎస్.ఎం.ఎ. పెట్ కచ్చితత్వం 92 శాతంగా తేలింది. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి.

ఇది వినగానే స్కాన్ చేయిస్తే అంతా తేలిపోతుందనుకుంటారేమో, అక్కడే జాగ్రత్తపడాలి. మీవంటి తిరగబెట్టిన రోగులు 635 మందిని అమెరికాలో పరిశీలించి 2019లో ప్రచురించిన అంకెల ప్రకారం పి.ఎస్.ఎ. 0.5 కన్నా తక్కువ ఉన్నవారిలో జబ్బు చోటు కనిపించింది 38 శాతం మందికే. 0.5 నుంచి 1 మధ్య 57 శాతం, 1 నుంచి 2 మధ్య 84 శాతం, 5 దాటితే 97 శాతం. అంటే 0.34 దగ్గర మీకు స్కాన్‌లో ఏమీ కనిపించకపోయే అవకాశమే ఎక్కువ. "అయితే పి.ఎస్.ఎ. 2 అయ్యేదాకా ఆగి స్కాన్ చేయిస్తే బాగా కనిపిస్తుందిగా" అని లెక్కల మాష్టార్లు అడుగుతారు. కనిపిస్తుంది, కానీ నయం చేసే అదను దాటిపోతుంది. మిగిలిన జబ్బును తుడిచేసే రేడియేషన్ పి.ఎస్.ఎ. 0.5 లోపు ఉన్నప్పుడు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. చిత్రం బాగా రావడం కోసం జబ్బును పెంచుకోవడం తెలివైన పని కాదు.

కాబట్టి నా సలహా ఇది. మీకు వీలుంటే, త్వరగా సమయం దొరికితే, ఈ నెలలోనే స్కాన్ చేయించుకోండి. ఎముకలోనో దూరపు బిళ్ళలోనో కనిపిస్తే వైద్యం మొత్తం మారుతుంది. కటిలోని బిళ్ళలో కనిపిస్తే కిరణాలు పడే హద్దును అంతవరకు పెంచుతారు. ఏమీ కనిపించకపోతే "జబ్బు లేదు" అని సంబరపడకుండా, గ్రంథి ఉన్న చోటికి రేడియేషన్ తీసుకోవాలా అన్నది మీ రేడియేషన్ వైద్యులతో మాట్లాడి వెంటనే నిర్ణయించుకోండి. స్కాన్‌కు మూడు నాలుగు నెలలు ఆగవలసి వస్తే దానికోసం చికిత్సను వాయిదా వేయవద్దు. చిత్రాన్ని చూసి కిరణాల హద్దు గీయడం వల్ల లాభం ఉందా అంటే, అట్లాంటాలో 165 మంది మీద జరిగిన పరిశోధన ఉందని చెప్పింది. పాత పద్ధతిలో హద్దు గీసినవారిలో మూడేళ్ళకు 63 శాతం మంది, పెట్ చూసి గీసినవారిలో 75.5 శాతం మంది జబ్బు మళ్ళీ పెరగకుండా ఉన్నారు. 2021లో వచ్చిన ఆ ఫలితంలో వాడింది పి.ఎస్.ఎం.ఎ. కాదు, ఫ్లూసిక్లోవిన్ అనే మరో మందు. సూత్రం మాత్రం అదే.

గాలియం మందు ఎక్కిస్తే అది 68 నిమిషాలకు సగమవుతుంది. అది ఎక్కడో దూరాన తయారై రాదు, ఆసుపత్రిలోనే ఉన్న జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి ఆ పూటకు ఆ పూట పిండుకుంటారు. మీకు చెప్పిన సమయానికి ఆలస్యంగా వెళితే మీ మందు మీ కోసం ఆగదు.

ప్రశ్న: మాది ఉద్దానం, సోంపేట దగ్గర. నాన్నగారికి 58 ఏళ్ళు. పెద్దపేగు క్యాన్సర్‌కు రెండేళ్ళ కిందట ఆపరేషన్ అయింది. ఇప్పుడు సి.ఇ.ఎ. (పేగు క్యాన్సర్ తిరగబెడితే రక్తంలో పెరిగే పదార్థం) పెరిగింది. సీటీ స్కాన్ చేయాలంటున్నారు కానీ ఆయనకు క్రియాటినిన్ 2.4 ఉంది. రంగు మందు ఎక్కిస్తే కిడ్నీలు పూర్తిగా పోతాయని అందరూ భయపెడుతున్నారు. డయాలసిస్ దాకా వెళితే మేం తట్టుకోలేం. (ఒక పాఠకుడు)

జవాబు: కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానంలో క్రియాటినిన్ అంకె తెలియని ఇల్లు ఉండదు, అందుకే మీ భయం నాకు అర్థమవుతోంది. అయినా ఆ భయంతో అసలు స్కానే మానేయడం పొరపాటు. పేగు క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు చాలామందిలో ముందు చేరేది కాలేయానికి. అక్కడ ఒకటి రెండు గడ్డలే ఉండి వేరెక్కడా లేకపోతే ఆపరేషన్ చేసి వాటిని తీసి పూర్తిగా నయం చేయగల అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్ని చేజార్చుకోకూడదు.

58 ఏళ్ళ మగవారికి క్రియాటినిన్ 2.4 అంటే కిడ్నీ పనితీరును చెప్పే ఇ.జి.ఎఫ్.ఆర్. సుమారు 30 దగ్గర ఉంటుంది. అయోడిన్ ఉన్న రంగు మందు విషయంలో వైద్యులు గీసుకున్న జాగ్రత్త గీత కూడా దాదాపు అక్కడే ఉంది. ఆ గీతకు పైనున్నవారికి ప్రమాదం మనం ఒకప్పుడు అనుకున్నంత లేదని ఇప్పుడు తెలుసు. కిందికి దిగినవారికి కూడా నరంలోకి సెలైన్ పెట్టి, నొప్పి మాత్రలు ఆపించి, అవసరాన్ని బట్టి చేస్తారు. ఆయన మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాన్ని ఎప్పుడు ఆపి ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో తప్పక అడగండి. అన్నట్లు, నడుము నొప్పికని ఊళ్ళో కొనుక్కుని మింగే మాత్రలు కిడ్నీలకు చేసే హాని ఒక్క స్కాన్ చేసే హాని కన్నా ఎక్కువ. వాటికి ఎవరూ భయపడకపోవడమే నాకు ఆశ్చర్యం.

రంగు మందు లేని దారులు కూడా ఉన్నాయి. పెట్ సీటీలో ఎక్కించే చక్కెర మందు వేరు, సీటీలో ఎక్కించే రంగు మందు వేరు. చక్కెర మందు గ్రాములో అతిసూక్ష్మమైన వంతు మాత్రమే ఉంటుంది, అది కిడ్నీలను దెబ్బతీయదు. పెట్‌లో భాగంగా తీసే సీటీని రంగు మందు లేకుండానే తీయవచ్చు. చీటీ మీద "కిడ్నీ జబ్బు ఉంది, కాంట్రాస్ట్ వద్దు" అని మీ డాక్టరుగారి చేత రాయించండి. కాలేయాన్ని నిశితంగా చూడడానికి ఎం.ఆర్.ఐ. మంచిది. అందులో మందు లేకుండా తీసే కొన్ని రకాల చిత్రాలు కూడా చిన్న గడ్డలను బాగా పట్టిస్తాయి. పెట్‌కు ఇక్కడ రెండు లోపాలున్నాయి. సెంటీమీటరు కన్నా చిన్న గడ్డలు దానికి చిక్కకపోవచ్చు, జిగురు ఎక్కువగా తయారుచేసే రకం పేగు క్యాన్సర్ చక్కెరను సరిగా లాగదు. నాన్నగారి పాత బయాప్సీ రిపోర్టులో మ్యూసినస్ అనే మాట ఉందేమో చూసి డాక్టరుగారికి చూపించండి.

అందరికీ పెట్ కావాలా అంటే, అక్కర్లేదు. కాలేయంలోని గడ్డలకు ఆపరేషన్ చేయబోతున్న 404 మంది మీద కెనడాలో చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు స్కాన్లకు అదనంగా పెట్ సీటీ చేస్తే ఆపరేషన్ ఆలోచన మారింది పదిమందిలో ఒకరికన్నా తక్కువ మందికే. మీ నాన్నగారికి రంగు మందు సమస్య ఉంది కాబట్టి ఆయన సంగతి కాస్త వేరు. ఏది ముందన్నది కిడ్నీ వైద్యుడు, క్యాన్సర్ వైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకుని తేల్చవలసిన విషయం. ఇద్దరి చీటీలు ఇద్దరికీ చూపించే పని మాత్రం మీదే.

ప్రశ్న: నాకు రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయి రెండేళ్ళయింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఆరు నెలలకొకసారి పెట్ స్కాన్ చేయించుకుంటే జబ్బు తిరగబెట్టినా ముందే దొరుకుతుందని పట్టుబడుతున్నాడు. చేయించుకోనా? (ఒక పాఠకురాలు, చీపురుపల్లి)

జవాబు: వద్దమ్మా. అబ్బాయి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఏ లక్షణమూ లేనివారికి తరచూ స్కాన్లు చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్నది ఇటలీలో రెండు పెద్ద పరిశోధనలు చేసి చూశారు. ఒకదానిలో 1,320 మంది, మరొకదానిలో 1,243 మంది స్త్రీలు ఉన్నారు. 1994లో వచ్చిన ఆ రెండిటి ఫలితాల్లోనూ అదనపు స్కాన్లు చేయించుకున్నవారు మిగిలినవారికన్నా ఎక్కువకాలం బతకలేదు. అప్పటికి పెట్ వాడుకలో లేదు, నిజమే. అయినా లక్షణాలు లేనివారికి పెట్ రొటీనుగా చేయమని ఈనాటి వైద్య మార్గదర్శకాలు కూడా చెప్పడం లేదు. ఏదో ఒక మూల ఒక చుక్క వెలుగుతుంది, దానికోసం సూదులు, ఆందోళన, నిద్రలేని రాత్రులు వరుసకడతాయి, చివరికి అది పాత క్షయ మచ్చ అని తేలుతుంది. అది నేను తరచూ చూసే కథ.

ఏడాదికోసారి మామోగ్రామ్, చెప్పిన గడువుల్లో డాక్టరుగారి పరీక్ష, డాక్టరుగారు రాసిన మాత్ర ఏదైనా వాడుతుంటే దాన్ని మానకుండా వేసుకోవడం, ఇవి చాలు. తగ్గని ఎముక నొప్పి, ఆగని దగ్గు, ఆయాసం, కారణం తెలియని తలనొప్పి, పచ్చకామెర్లు, ఆపరేషన్ మచ్చ దగ్గర గానీ చంకలో గానీ కొత్త గడ్డ వస్తే మాత్రం తరువాతి తేదీ కోసం ఆగకుండా వెళ్ళండి. అప్పుడు స్కాన్ రాస్తే మారుమాట లేకుండా చేయించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి వచ్చే వారం విశాఖలో పెట్ స్కాన్. ఇంట్లో ఏడు నెలల పాప ఉంది. స్కాన్ అయ్యాక ఆవిడ ఒంటి నుంచి కిరణాలు వస్తాయట కదా, ఎన్నాళ్ళు దూరంగా ఉంచాలి? ముందు రోజు నుంచి ఏం తినకూడదు? (ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: ఎన్నాళ్ళో కాదు, ఆ పూటకు చాలు. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది. సూది వేశాక గంటకు స్కాన్ మొదలవుతుంది. అది అయ్యాక బండెక్కి మీరు ఇల్లు చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది కదా, అప్పటికి పావు వంతు కన్నా తక్కువే మిగులుతుంది. అందులోనూ కొంత మూత్రంలో పోతుంది. నీళ్ళు బాగా తాగించి, తరచూ మూత్రానికి వెళ్ళమనండి. ఆ రాత్రికి పాపను ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టకండి, గర్భిణులు ఎవరైనా ఉంటే కాస్త ఎడంగా కూర్చోమనండి. తెల్లవారేసరికి మనవరాలిని నిరభ్యంతరంగా ఎత్తుకోవచ్చు. అన్నం వడ్డించడానికి, ఒకే గదిలో మసలడానికి భయం అక్కర్లేదు. పాపం, ఆ భయంతో ఒక పెద్దావిడను రెండు రోజులు పశువుల పాకలో పడుకోబెట్టిన ఇంటివారిని నేను ఎరుగుదును.

ముందు రోజు బరువు పనులు, ఎక్కువ నడక వద్దు. అలసిన కండరాలు మందును లాగేసుకుంటాయి. స్కాన్‌కు ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. "ఏమీ తినలేదండీ" అని ఒట్టు వేసి చెప్పిన పెద్దవాళ్ళు తెల్లవారుజామున గ్లాసుడు చోడంబలి తాగి రావడం మన జిల్లాల్లో పరిపాటి. వారి లెక్కలో అంబలి తిండి కాదు, తాగుడే. స్కాన్‌కు మాత్రం అది తిండే. రక్తంలో చక్కెర 200 దాటితే మామూలుగా సూది వేయకుండా వెనక్కి పంపుతారు. మధుమేహం ఉంటే ఆ ఉదయం మాత్రలు, ఇన్సులిన్ ఎలాగో ముందు రోజే ఫోను చేసి అడగండి. గదిలో ఏసీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి దుప్పటి పట్టుకెళ్ళండి. చలికి వణికితే ఒంట్లో కొన్ని రకాల కొవ్వు కూడా వెలిగి చిత్రాన్ని పాడుచేస్తుంది.

పాత స్కాన్ల సీడీలు, ఫిల్ములు, ఆపరేషన్ కాగితాలు అన్నీ వెంట తీసుకెళ్ళండి. కొత్త చిత్రంలోని మచ్చ కొత్తదా పాతదా అన్నది పక్కన పాత చిత్రం ఉంటేనే చెప్పగలం. ఫిల్ములను మడతపెట్టి బియ్యం డబ్బా మీద ఉంచేవారు, క్యాలెండరులో చుట్టి అటక మీద పడేసేవారు చాలామంది ఉన్నారు. మడత పడిన చోట ఫిల్ము తెల్లగా పగులుతుంది. ఆ పగులు సరిగ్గా ఊపిరితిత్తి మీద పడిన ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని అది మచ్చో మడతో తేల్చుకోలేక నేను తలపట్టుకున్న రోజులున్నాయి. ఒక అట్ట కవరులో నిటారుగా పెట్టి, పైన తేదీ రాసి ఉంచండి. స్కాన్ అయ్యాక రిపోర్టుతో పాటు సీడీని కూడా అడిగి తీసుకోండి.